టెంపర్డ్ గ్లాస్ మీద ‘9హెచ్’ అంటే అసలు అర్థం ఇదీ!

ప్యాక్ మీద ‘9హెచ్’ అని ఉంటే ఇక గీతలే పడవని చాలామంది అనుకుంటారు. కానీ అది పెన్సిల్ టెస్ట్ రేటింగ్. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదని మాత్రమే దానర్థం. వజ్రానికి 10 ఇచ్చే మోస్ స్కేల్ వేరు. అందులో ఫోన్ గ్లాస్ దాదాపు 6, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అందుకే జేబులో తాళంచెవుల కన్నా ఇసుక రేణువే డేంజర్!

నేను పాటించేవి:

* దుమ్ములో తిరిగొచ్చాక స్క్రీన్‌ని వెంటనే రుద్దను. ముందు దుమ్ము దులిపి, తర్వాతే మెత్తటి బట్టతో తుడుస్తా.
* అంచులు స్క్రీన్ కన్నా కాస్త ఎత్తుగా ఉన్న కేస్ వాడతా. చదును నేల మీద బోర్లా పడ్డా దెబ్బ ముందు కేస్‌కే తగులుతుంది.
* గార్డ్ పగిలితే మార్చేస్తా.

గార్డ్ వేశాక ఇన్-డిస్‌ప్లే ఫింగర్‌ప్రింట్ మొరాయిస్తే, వేలిముద్ర మళ్లీ రిజిస్టర్ చేసి చూడండి.