ముందు ఫైలు ఎక్కడుందో వెతకనివ్వండి

పదేళ్ల పిల్లకి ఫోనులో వీడియో వెతకడం, ఫొటో పంపడం చకచకా వచ్చేస్తాయి. అది చూసి కంప్యూటరు కూడా వచ్చేసినట్టేనని చాలామంది అమ్మానాన్నలు అనుకుంటారు. ఒకసారి ఆ పిల్లని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, బడివాళ్లు పంపిన టైంటేబుల్ డౌన్‌లోడ్ చేయమనండి. "అదిప్పుడు ఎక్కడుందమ్మా?" అని అడగండి. చాలామంది పిల్లలు అక్కడ ఆగిపోతారు. ఫోనులో అలా వెతుక్కునే అవసరం వాళ్లకి పెద్దగా రాదు మరి. అందుకే కోడింగ్ క్లాసుకి డబ్బు కట్టేముందు ఫైలంటే ఏమిటో, ఫోల్డరంటే ఏమిటో ఇంట్లోనే చెప్పమని నా మనవి.

సేవ్ చేయడంతో మొదలుపెట్టండి. మనం టైప్ చేసిన అక్షరాలు ముందు ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపే ర్యామ్‌కి అవి గుర్తుంటాయి. సేవ్ చేస్తే డిస్కుకి చేరతాయి, కరెంటు పోయినా నిలుస్తాయి. ఇదొక్కటి అర్థమైతే కంట్రోల్-ఎస్ ఎందుకు నొక్కాలో వేరే చెప్పనక్కర్లేదు. పెద్దయ్యాకా ఈ అలవాటు కాపాడుతుంది. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే జేఈఈ మెయిన్ పేపరు 2019 నుంచి కంప్యూటరు మీదే. అందులో జవాబు ఎంచుకుని, 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా నేరుగా ఇంకో ప్రశ్న నంబరు మీదికి వెళితే ఆ జవాబు నమోదు కాదు.

ఇక సాధన. ఉత్తుత్తి అభ్యాసాలు వద్దు, ఇంటి పనే అప్పగించండి. పాల లెక్క ఇందుకు చక్కగా సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరసలో తేదీలు, పక్కన ఆ రోజు పోయించుకున్న పాలు, ఆ పక్కన పాలని ధరతో గుణించి డబ్బు చూపే సూత్రం, అడుగున మొత్తం కూడే సూత్రం. అంతా అయ్యాక "పదో తారీఖున చుట్టాలొచ్చారు కదా, ఇంకో లీటరు పోయించుకున్నాం" అని గుర్తుచేయండి. పిల్ల ఆ గడిలో అంకె మార్చగానే డబ్బూ, మొత్తమూ వాటంతటవే మారిపోతాయి. మామూలు కాలిక్యులేటరుకీ కంప్యూటరుకీ తేడా అప్పుడు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఒకసారి చెప్పిన సూత్రాన్ని అది అట్టేపెట్టుకుని, అంకె మారిన ప్రతిసారీ మళ్లీ లెక్క కడుతుంది. కోడింగుకి ఇంతకంటే మంచి తొలి పాఠం నాకు తెలియదు. సూత్రం తప్పు రాస్తే జవాబూ తప్పే వస్తుందని కూడా తెలియాలి కాబట్టి, నెలాఖరున నోటి లెక్కతో సరిచూడమనండి.

తెలుగు టైపింగు కూడా ఈ వయసులోనే రావాలి. విండోస్‌లో భాషల సెట్టింగుకి వెళ్లి తెలుగు చేరిస్తే చాలు, కొనాల్సిందేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. గుణింతం వచ్చిన పిల్లకి ఆ అమరిక తొందరగానే పట్టుబడుతుంది. వాళ్ల అమ్మమ్మకో, దూరదేశంలో ఉన్న పెదనాన్నకో నాలుగు వాక్యాల ఉత్తరం రాయించండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ముదిరిపోయాక మాన్పించడం కష్టం. మన పిల్లలు తమ భాషని తమ లిపిలో రాసుకోలేకపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేర్పేటప్పుడు మౌస్ లాక్కోకండి. పిల్ల చెయ్యి తడబడుతుంటే మనకి ఓపిక ఉండదు, అయినా నోటితోనే చెప్పండి. తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడానికి కంట్రోల్-జెడ్ ఉంది. పొరపాటున తుడిచేసిన ఫైలు చాలాసార్లు రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, తననే వెతకనివ్వండి. మీకే కంప్యూటరు రాకపోతే మొహమాటపడకుండా పక్కన కూర్చుని కలిసి నేర్చుకోండి.

ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజే తీసుకోండి. మీరు బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటరు ఖాతాలో పిల్లని కూర్చోబెట్టకండి. తనకి వేరే స్టాండర్డ్ ఖాతా తెరవండి. అప్పుడు కంప్యూటరు మొత్తానికి వర్తించే మార్పులు చేయబోతే చాలావరకు అది మీ పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు తనకి ఎందుకు చెప్పడం లేదో పిల్లకి వివరంగా చెప్పండి. తన పాస్‌వర్డు తననే పెట్టుకోమని, మీకు తప్ప ప్రాణస్నేహితురాలికి కూడా చెప్పొద్దని అనండి.