సూపర్‌ఛార్జర్ విప్పేముందు

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. నేను కొన్న 1972 ఎంజీబీకి పాత యజమాని సూపర్‌ఛార్జర్ పెట్టించారు. తీసేస్తే బండి మామూలుగా నడుస్తుందా? మళ్లీ బిగించుకోవచ్చా?

జవాబు: రెండూ వీలవుతాయండీ. అయితే స్పానర్ పట్టేముందు పాత బిల్లులు చూడండి. ఈ 1798 సీసీ ఇంజన్‌కు కంప్రెషన్ మామూలుగా 9:1 దరిదాపుల్లో ఉంటుంది. సూపర్‌ఛార్జర్ కోసం పిస్టన్లు మార్చి దాన్ని తగ్గించి ఉంటే, తీసేశాక బండి నీరసపడుతుంది. అప్పుడు విప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పిస్టన్లు పాతవే అయితే బెల్టు, సూపర్‌ఛార్జర్, దాని మానిఫోల్డ్ విప్పి, జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు తిరిగి పెట్టండి. విప్పగానే ఇన్‌లెట్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క నట్టు లోపల పడినా హెడ్ దించాల్సి రావచ్చు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ గాస్కెట్ ఒకటే. మధ్య స్టడ్‌ల మీది మందపాటి వాషర్లు రెండు ఫ్లాంజ్‌లనూ కలిపి నొక్కుతాయి. ఫ్లాంజ్‌ల మందం సమానంగా లేకపోతే పలచగా ఉన్నవైపు గాలి లీకవుతుంది. కొలిచి చూసి, కొత్త గాస్కెట్ వేయండి. సూపర్‌ఛార్జర్ కోసం వెనక్కి జరిపిన ఇగ్నిషన్ టైమింగ్‌ను కంపెనీ లెక్కకు తేవడం మరవకండి.

మళ్లీ బిగించే రోజున టైమింగ్ వెనక్కి జరపాలి, కార్బ్యురేటర్‌కు పెట్రోలు ఎక్కువ వదిలే నీడిల్ వేయాలి, సూపర్ అన్‌లెడెడ్ పోయాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమంటే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి.