పాత కంప్యూటరు: ఏ భాగం మార్చాలి? ఏది మార్చకూడదు?

ఈ రోజుల్లో డిగ్రీ చదివే విద్యార్థికి కలం, కాగితం ఎంత అవసరమో కంప్యూటరూ అంతే అవసరమైపోయింది. ప్రాజెక్టు రిపోర్టు తయారుచెయ్యాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా అది లేనిదే పని జరగదు. కాని కొత్తది కొనడం అందరివల్లా అయ్యే పని కాదు. మాలాంటి వ్యవసాయ కుటుంబాల్లో డబ్బు కంటికి కనపడేది పంట అమ్మినప్పుడే. ఎరువుల బాకీ, కౌలు, పిల్లల ఫీజులు అన్నీ అందులోంచే తీరాలి. అటువంటి ఇంట్లో “నాన్నా, కంప్యూటరు స్లో అయింది, కొత్తది కొనాలి” అని అడిగేముందు, ఆ స్లో ఎక్కడ వుందో తెలుసుకోవడం సైన్సు విద్యార్థి ధర్మం. అది నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పూడిక ఎక్కడ?

చెరువు నిండా నీళ్ళున్నా, తూము ఎత్తినా, మధ్యలో కాలువ పూడిపోతే చివరి మడికి నీరందదు. అప్పుడు రైతు చెరువు తవ్వడు. కాలువలో పూడిక తీస్తాడు. కంప్యూటరు విషయమూ ఇంతే. లెక్కలు చేసేది ప్రాసెసరు. అప్పటికి కావలసిన సమాచారాన్ని దగ్గర పెట్టుకునేది ర్యామ్. అంతా దాచి ఉంచేది హార్డ్ డిస్కు. ఈ మూడింటిలో ఏది నిదానమైతే, మొత్తం యంత్రం దాని వెనకే నడుస్తుంది.

ఉదాహరణకు డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవరును తీసుకుందాం. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. ఇందులో 2013 నాటి ఇంటెల్ నాలుగో తరం కోర్ ఐ5-4570 ప్రాసెసరు ఉన్నదనుకుందాం. దానికి నాలుగు కోర్లు, వేగం 3.2 గిగాహెర్ట్జ్. అనగా సెకనుకు 320 కోట్ల స్పందనలు! ఉత్తరాలు రాసుకోవడానికి, పాఠాలు చూడడానికి, చిన్న ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ఇది ఈనాటికీ చాలు. మరి యంత్రం ఎందుకు ఈడ్చుకుంటూ నడుస్తుంది?

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసరు ఖాళీగా ఉండి డిస్కు నూటికి నూరు చూపిస్తుంటే దొంగ దొరికినట్టే.

హార్డ్ డిస్కు

ఇక్కడ మన ఫిజిక్సు పనికొస్తుంది. హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు సరైన వలయం దగ్గరకు జరగడానికి మరో 9. మొత్తం 13 మిల్లీసెకన్లు. తక్కువే అనిపిస్తుంది గదా! కాని ఈ లోపల ప్రాసెసరులో 4 కోట్లకు పైగా స్పందనలు గడిచిపోతాయి. ఈ లెక్కన డిస్కు సెకనుకు సుమారు 75 చోట్ల నుంచి మాత్రమే సమాచారం తీయగలదు. కంప్యూటరు ఆన్ చేసినప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్ళు చదవాలి. ఆలస్యానికి కారణం అదే.

దీని స్థానంలో వచ్చిన ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు లేవు. ఎక్కడి సమాచారమైనా సుమారు 0.1 మిల్లీసెకనులో అందుతుంది. వంద రెట్లకు పైగా తేడా! మొత్తం కంప్యూటరు వంద రెట్లు వేగమవుతుందని కాదు, కాని పూడిక మాత్రం పోతుంది. అంచేత మొదటి రూపాయి ఇక్కడే ఖర్చుపెట్టాలి. రోజువారీ పనికి 256 జి.బి. సరిపోతుంది. ఆ కాలపు మదర్ బోర్డుల్లో ఎక్కువవాటికి కొత్తరకం ఎం.2 స్లాటు ఉండదు కనుక 2.5 అంగుళాల సాటా రకమే అడిగి తీసుకోవాలి. పాత డిస్కును పారవెయ్యకుండా సినిమాలకు, ఫోటోలకు రెండో గాదెగా వాడుకోవచ్చును.

ర్యామ్

ర్యామ్ నిండిపోతే కంప్యూటరు మిగతా సమాచారాన్ని డిస్కు మీదికి తోస్తుంది. కళ్ళంలో జాగా చాలక బస్తాలు మాటిమాటికీ ఇంటికి మోసినట్టన్నమాట. ఈనాటి బ్రౌజర్లకు 4 జి.బి. ఇరుకు, 8 జి.బి. ఉంటే సుఖం. ఒక్క 8 జి.బి. ముక్క కన్న రెండు 4 జి.బి. ముక్కలు జతగా పెడితే మేలు. డి.డి.ఆర్.3-1600 ర్యామ్‌లో ఒక్కో దారికి సెకనుకు 12.8 జి.బి. సమాచారం నడుస్తుంది, రెండు దారులైతే 25.6. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో బొమ్మలకూ ఈ ర్యామే ఆధారం కనుక ఆటల్లో తేడా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త: డి.డి.ఆర్.3 స్లాటులో డి.డి.ఆర్.4 పట్టదు. మొదటిదానికి 240 పిన్నులు, రెండోదానికి 288. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళినా, మన ఊరి షాపుకు వెళ్ళినా, పాత ముక్కను చేత్తో పట్టుకెళ్ళడం ఉత్తమం.

ఆటల సంగతి

ఆటలు ఆడేవాళ్ళం మనలో లేరనుకోవడం ఆత్మవంచన! కౌంటర్ స్ట్రైక్ 1.6, శాన్ ఆండ్రియాస్ వంటి పాత ఆటలకు ఈ ప్రాసెసరులోనే ఉన్న గ్రాఫిక్స్ చాలు. 2015లో పి.సి.కి వచ్చిన జి.టి.ఏ.5 బాగా ఆడాలంటే కార్డు కావాలి. అప్పుడు చూడవలసింది కరెంటు లెక్క. మదర్ బోర్డు స్లాటు 75 వాట్ల వరకే ఇస్తుంది. 2016లో వచ్చిన జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. ఆ 75 వాట్లలోనే ఇమిడిపోతుంది. ప్రాసెసరుకు 84, కార్డుకు 75, మిగతావాటికి ఒక 50 వేసుకున్నా మొత్తం 209 వాట్లు. టవరులోని 290 వాట్ల పవర్ సప్లయి దీన్ని మోస్తుంది. సన్నటి పెట్టె అయితే పొట్టి కార్డు మాత్రమే పడుతుంది.

జి.టి. 1030 తక్కువ కరెంటుతో నడిచే చిన్న కార్డు. కాని ఆ పేరుతోనే రెండు రకాలున్నాయి. 2017 నాటి జి.డి.డి.ఆర్.5 రకం సెకనుకు 48 జి.బి. సమాచారం అందుకుంటే, 2018 నాటి డి.డి.ఆర్.4 రకం సుమారు 17 మాత్రమే అందుకుంటుంది. పేరు చూసి కాదు, లోపలి మెమరీ చూసి కొనాలి.

మార్చకూడనిది

ప్రాసెసరు జోలికి పోవద్దు. కొత్త తరం ప్రాసెసరు ఈ మదర్ బోర్డులో కూర్చోదు. బోర్డు మారిస్తే ర్యామ్ మార్చాలి. అప్పుడది బాగుచెయ్యడం కాదు, కొత్త కంప్యూటరు కొనడమే. అలాగే మదర్ బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినా, యంత్రం డి.డి.ఆర్.2 కాలం నాటిదైనా దాని మీద డబ్బు పెట్టకండి. బోరులో నీళ్ళు లేనప్పుడు మోటారు మార్చి ప్రయోజనం ఏమిటి?

విండోసా? లినక్సా?

విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ పైది, టి.పి.ఎం. 2.0 ఉండాలి. మన యంత్రానికి ఆ అర్హత లేదు. ఇటువంటి కంప్యూటర్లను పారవెయ్యడానికి ఇదే పెద్ద సాకు. కాని లినక్స్ మింట్ అనేది ఉచితంగా దొరుకుతుంది, 4 జి.బి. ర్యామ్‌తో చక్కగా పనిచేస్తుంది; తెలుగు టైపు చేసుకోవచ్చు; భద్రతా సవరణలూ అందుతాయి. వాలరెంట్ వంటి ఆటలు, విండోస్ కోసమే రాసిన కొన్ని ప్రోగ్రాములు అందులో నడవవు. కనుక మన కోర్సుకు ఏవి కావాలో ముందుగా లెక్చరరుగారిని అడిగి తెలుసుకోవాలి.

పనికి దిగేముందు

ముఖ్యమైన ఫైళ్ళు వేరేచోట కాపీ చేసుకోండి. ప్లగ్గు పూర్తిగా తీసెయ్యండి. పెట్టె లోహాన్ని చేత్తో తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకున్నాకే భాగాలు ముట్టుకోండి. పవర్ సప్లయి పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చండి. తేదీ తప్పు చూపిస్తుంటే బోర్డు మీది సి.ఆర్. 2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పయితే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు; చిన్న బిళ్ళతో తీరే జబ్బు అది.

2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతున్నది. అందులో సరైన పద్ధతిలో సేకరించి, తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్కకు వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. మన ల్యాబుల మూలల్లో, మనకు తెలిసినవాళ్ళ అటకల మీద ఇలాంటి యంత్రాలు ఎన్ని మూలుగుతున్నాయో! సెలవుల్లో యూనియన్ తరఫున కొన్ని సేకరించి, బాగుచేసి, కొనలేని తోటి విద్యార్థులకు అందిస్తే ఎంత బాగుంటుంది! చదువు చదువుగానూ ఉంటుంది, ఒక తండ్రికి అప్పూ తప్పుతుంది. మిత్రులారా, ఆలోచించండి.