చరిత్ర బోధించు మా అమ్మాయికి

మేడ్చల్



నీ జాబు అందినది. శామీర్‌పేట మండలములోని సర్కారు బడిలో సాంఘిక శాస్త్రోపాధ్యాయినిగా చేరితివనియు, ప్రపంచ చరిత్రలో మానవ హక్కుల పాఠము చెప్పునపుడు పిల్లలు దానిని పరీక్షకు వల్లె వేయవలసిన జాబితాగా మాత్రమే స్వీకరించుచున్నారనియు, కులము, మతము, తెగ అను మాట వచ్చినంతనే తరగతి యంతయు తలలు వంచుకొని మౌనము వహించుచున్నదనియు వ్రాసితివి. ఈ రెండు కష్టములకును మూల మొక్కటే యని నా నమ్మకము. హక్కును ముందు చెప్పి, ఆ హక్కు ఏ గాయమునకు మందుగా పుట్టినదో చెప్పక విడిచినచో, అది పిల్లవానికి ఎవరో దూరదేశస్థులు దయతో నిచ్చిన కానుకవలె తోచును. తనవారి పేరు వచ్చినపుడు మాత్రము, ఆ గాయము తనదేయని అతనికి లోలోపల తెలియును గనుక, నోరు విప్పజాలడు.

కాబట్టి నీవు పాఠమును తలక్రిందులు చేయుము. చరిత్రలో పెద్ద అన్యాయములు అనేకము ఒక పట్టికతో మొదలైనవి. అధికారము గలవాడు ఒక మనుష్యసమూహమునకు తానే పేరు పెట్టి, ఆ పేరును పుస్తకములో నెక్కించి, అటుపిమ్మట ఆ పుస్తకమును బట్టి వారి కూలిని, నివాసమును, నడకను, కొన్ని చోట్ల ప్రాణమును సైతము నిర్ణయించెను. పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుము: ఈ పట్టికను వ్రాసిన దెవరు? ఎవరి సౌకర్యమునకై వ్రాసిరి? అందులోని కెక్కిన మనిషికి "ఇది తప్పు, నేను ఇది కాదు" అని చెప్పుకొను దారి యుండెనా? ఈ మూడు ప్రశ్నలును చేతబట్టుకొన్న బాలుడు ఏ దేశపు చరిత్రలోనికైనను నిర్భయముగా పోగలడు.

మొదట మనవారి కథయే చెప్పుము. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. అందులో 342 మంది కూలీలు, వారి కుటుంబముల వారు ఉండిరి; వారిలో తెలుగువారును కలరు. చెరకు తోటలలో పని చేయుటకు ఒప్పందముపై తీసికొనిపోబడిన ఆ జనమునందు ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు పట్టికలో వ్రాసిరి. వారి సంతతివారే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. ఆ మనుమల కాలమునందే, 1950లో, ఆ దేశ ప్రభుత్వము జనాభా నమోదు చట్టమును తెచ్చి, ప్రతి మనిషిని చర్మపు రంగును బట్టి ఒక జాతి గడిలో వేసెను. ఆ చట్టము 1991 వరకు తొలగలేదు. ఏ వీధిలో నివసింపవలెనో, ఏ బడిలో చదువవలెనో ఆ గడియే చెప్పెడిది. చెరకు తోట పట్టికనుండి వర్ణవివక్ష చట్టము వరకు నడచిన ఈ దారిని మన తెలుగు కుటుంబముల అడుగుజాడలలోనే చూపినచో, ప్రపంచ చరిత్ర పరుల చరిత్ర యని ఏ బిడ్డయు అనుకొనదు.

తరువాత స్టువర్టుపురము కథ చెప్పుము. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసి, కొన్ని కులములను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని విస్తరించినది. పేర్లు నమోదు చేసి, వ్రేలిముద్రలు తీసికొని, నియమిత స్థలములలో నిర్బంధించి, అనుమతి లేక ఊరు దాటరాదనిరి. ఎరుకలవారి కొరకు వెలసిన స్టువర్టుపురము అట్టి నివాసములలో నొకటి. తొట్టెలో నున్న శిశువు ఏ నేరము చేసినదని ఆ పట్టిక కెక్కినది? స్వతంత్ర భారతము 1952 ఆగస్టు 31న ఆ చట్టమును రద్దు చేసినను, ఆ ముద్ర జనుల నోళ్లనుండి ఇంకను పూర్తిగా పోలేదు. ఇదే వరుసలో ఆఫ్రికాలోని రువాండాను చూపవచ్చును. బెల్జియము పాలకులు 1933 ప్రాంతమున ప్రతి వ్యక్తికి హుటూ, టుట్సీ, ట్వా అని జాతి వ్రాసిన గుర్తింపు కార్డులను ఇచ్చిరి. అరువదేండ్ల పిమ్మట, 1994లో, దారులలో కాపు కాసిన హంతకులు ఆ కార్డులనే చూచి ఎవరిని చంపవలెనో నిశ్చయించిరి. సుమారు నూరు దినములలో లక్షలాది జనము హతులైరి. కాగితముపై గీసిన గీత కొన్ని దశాబ్దములకైనను కత్తి కాగలదని పిల్లలకు ఇంతకంటె వేరుగా చెప్పనక్కర లేదు.

ఇంత చెప్పిన పిమ్మట మన నేలమీదికి రమ్ము. నీవు పాఠము చెప్పుచున్న ఈ ప్రాంతము నిజాము కాలములో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా; మేడ్చల్ అందులో నొక తాలూకా. అది నిజాము సొంత ఖర్చులకై ఏర్పరచుకొన్న సర్ఫేఖాస్ భూమి. 1949లో గాని ఆ ఏర్పాటు ముగియలేదు. తెలంగాణమంతటను నాడు వెట్టిచాకిరి యుండెను: చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల మొదలగు వారు దొరలకును, అధికారులకును కూలి లేకయే పని చేయవలసి వచ్చెడిది. అప్పు తీరువరకు తరతరములు పాలేరుతనము చేయు భగేలా పద్ధతిని అరికట్టుటకు 1936లో ఒక నిబంధన వచ్చినను, దొర గడిలో కాగితముపై నున్న నిబంధనకు విలువ యుండలేదు. ఈ గాయమును చూపిన తరువాతనే మన రాజ్యాంగములోని 23వ అధికరణమును చదివించుము. "బేగార్" అను మాట ఆ అధికరణములో ఉన్నది. మన తాతల వీపులపై మోపిన బరువు దేశపు మూలశాసనములో నిషేధముగా మారినదని తెలిసిన నాడు పిల్లవానికి ఆ అంకె తనంతట తానే జ్ఞప్తి యందుండును.

అయినను, అమ్మా, బాధల వరుస చెప్పి ఊరుకొనకుము. బాధపడినవారు తమకు తామే పేరు పెట్టుకొని లేచి నిలిచిన కథ లేనిదే పాఠము పూర్తి గాదు. హైదరాబాదు వాసియైన మాదరి భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించెను. 1910లో ఇసామియా బజారులో పిల్లలకు బడి తెరచెను. 1917లో బెజవాడలో "పంచమ" మహాసభకు అధ్యక్షత వహించుటకు పిలువగా పోయి, ఆ పేరునే తిరస్కరించి, మేము ఈ నేలకు ఆదివాసులము, ఆది ఆంధ్రులమని ప్రకటించెను. అటుపిమ్మట ఆదిహిందూ ఉద్యమమును నడిపి, 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు సంస్థానపు దళితులు ఆదిహిందువులుగా నమోదగుటకు కారకుడయ్యెను. గమనింపుము: అదియు ఒక పట్టికయే. కాని ఈ సారి పేరు పెట్టుకొన్నవారు ఆ మనుష్యులే. మా ప్రాంతమునకు చేరువనున్న సికింద్రాబాదులో పారిశుద్ధ్యపు పని చేయు కుటుంబమున పుట్టిన సదాలక్ష్మి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి యైనది. దేవాదాయ శాఖకు మంత్రియు నైనది. గుడి గడప తొక్కనీయని జాతి బిడ్డ గుడులకు పైయధికారిణి యైన దినము మానవ హక్కుల చరిత్రలో చిన్న దినము కాదు.

ఇట్లని పట్టిక యనిన ప్రతిదియు చెడ్డదని పిల్లలకు తోపనీయకుము. లంబాడీలు తెలంగాణలో 1976 నాటి చట్టముతో షెడ్యూల్డు తెగలైరి. కర్ణాటకలో వారే షెడ్యూల్డు కులముల జాబితాలో ఉన్నారు. మహారాష్ట్రలో విముక్త సంచార జాతులలో లెక్కింపబడుచున్నారు. ఒకే భాష, ఒకే పాట, ఒకే వేషము గల జనము రాష్ట్రపు సరిహద్దు దాటినంతనే వేరొక గడిలో పడుచున్నది. నీ తరగతిలోని తండా బిడ్డకు ఆ ధ్రువపత్రము హాస్టలులో చోటును, ఉపకార వేతనమును ఇచ్చుచున్నది. గుర్తింపు పుట్టుకతో శిలపై చెక్కబడినది గాక చరిత్రచేత, చట్టముచేత రూపొందునదని తెలుపుటకు ఇంతకంటె సమీపమైన దృష్టాంతము దొరకదు. మనిషిని కట్టివేయుటకు వ్రాసినది సంకెల. మనిషికి రావలసినదానిని లెక్క తేల్చుటకు వ్రాసినది కవచము. ఈ రెంటిని వేరు చేయగల విచక్షణయే నీవు నేర్పవలసిన విద్య.

ఐరోపా చరిత్ర చెప్పునపుడు 1789 నాటి ఫ్రెంచి హక్కుల ప్రకటనను గొప్పగానే చెప్పుము, కాని అక్కడ ఆగకుము. 1791లో ఒలాంప్ ద గూజ్ అను స్త్రీ, ఆ ప్రకటనలో స్త్రీ యెక్కడ అని అడిగి తానొక ప్రకటనను వ్రాసినది; 1793లో ఆమె తల నరికిరి. అదే 1791లో ఫ్రెంచివారి వలసయైన సాన్ డొమాంగ్‌లో బానిసలు తిరుగబడి, 1804లో హైటీ యను స్వతంత్ర రాజ్యమును నిలిపిరి. 1948లో ఐక్యరాజ్య సమితి ప్రకటనను రచించునపుడు, "పురుషులందరు" అని యున్న చోట "మానవులందరు" అని యుండవలెనని పట్టుబట్టినది మన దేశపు ప్రతినిధి హంసా మెహతా. హక్కుల చరిత్ర యనగా, వాకిట నిలువబడినవారు "మేము ఇందులో ఉన్నామా?" అని మరల మరల అడిగిన చరిత్ర. ఆ ప్రశ్న ప్యారిసులోను, బెజవాడలోను ఒక్కటే.

1948వ సంవత్సరమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆ సెప్టెంబరు 16న ప్యారిసులో భద్రతా మండలి హైదరాబాదు సమస్యను చర్చకు తీసికొన్నది. మరుసటి దినమే నిజాము భారత సేనకు లొంగిపోయెను. అదే ప్యారిసు నగరములో డిసెంబరు 10న మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన వెలువడినది. నలుబది యెనిమిది దేశములు ఒప్పుకొనగా, ఎనిమిది తటస్థముగా నుండెను, వ్యతిరేకించిన దేశము లేదు. సరిగా ఆ డిసెంబరులోనే పండిత సుందర్‌లాల్ బృందము మన సంస్థానపు జిల్లాలలో తిరుగుచు, పోలీసు చర్య యనబడిన ఆ సైనిక చర్య వెనుక ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించుచుండెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రచురింపబడలేదు. నిజాము పక్షపు రజాకారులు గ్రామములలో చేసిన దారుణములను నీవు దాచవద్దు. దాని పిమ్మట జరిగిన దానిని దాచవద్దు. నీ తరగతిలో ఆ రెండు వైపుల మనుమలును ఒకే బల్లపై కూర్చుందురు. చచ్చినవాని మతము నడిగిన పిమ్మట దుఃఖించు చరిత్రకారుడు హక్కులను బోధించు అర్హత కోల్పోవును.

ఇక తరగతి గదిలోని మర్యాదలు. ఏ బిడ్డనైనను నిలువబెట్టి "నీ కులమేమి, మీవారు ఏమి అనుభవించిరి?" అని అడుగకుము, చెప్పదలచుకొన్న బిడ్డ తానే చెప్పును, చెప్పని బిడ్డ మౌనమునకును హక్కు కలదు. దొర, వెట్టి మనిషి అని వేషములు కట్టించి నాటకము ఆడించకుము; ఒక గంటసేపు ఆడిన ఆ పాత్ర పేరు ఆ బిడ్డను ఏడాది పొడుగున వెంటాడును. హాజరు పట్టీలోని కులపు గడిని నీ మేజాపై తెరచి ఉంచకుము. ఊరి పెద్దలను, తండాలోని ముదుసలులను, మజీదు వీధిలోని వృద్ధులను పిల్లలచేత పలుకరింపజేసి, వెట్టి యెట్లుండెనో, బడి యెప్పుడు వచ్చెనో వ్రాయించుము. కాని ఎవరి పేరును వారి అనుమతి లేక వ్రాయరాదని ముందుగానే నేర్పుము. అదియే హక్కుల మొదటి అభ్యాసము. మీ మండలములోనే 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము ఉన్నది. అక్కడి విద్యార్థులను బడికి పిలిచి, చట్టము అనునది భయపడవలసినదే గాక వాడుకొనవలసినదియు నని పిల్లలకు చెప్పింపుము. తెలుగులో హక్కులను గూర్చి జీవితాంతము మాటలాడిన కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారి రచనలను నీవు మొదట చదువుము.

చివరి మాట ఈ కాలమును గూర్చినది. 2020 వేసవిలో, కరోనా లాక్‌డౌను కాలమున, మన మేడ్చల్ మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై ఒడిశా, బీహారు, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కూలీలు బిడ్డలను భుజాన వేసికొని ఉత్తరమునకు నడచిరి. దేశములో మొదటి శ్రామిక రైలు మే 1న, కార్మిక దినమునాడే, మన లింగంపల్లి నుండి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. వారు కట్టిన గోడలు మన చుట్టు ఉన్నవి. వారిలో ననేకుల పేర్లు మాత్రము నాడు ఇక్కడి రేషను పట్టికలో కానరాలేదు. పట్టిక కెక్కుట ఒకనికి సంకెల యైనట్లే, ఎక్కకపోవుట మరియొకనికి ఆకలి యగును. ఇటుక బట్టీలనుండి, పారిశ్రామిక వాడలనుండి వచ్చు ఆ కూలీల బిడ్డలు తెలుగు సరిగా రాక వెనుక బల్లపై కూర్చుందురు. కొందరు బడికే రారు. ఈ మేడ్చల్ నాడు భాగముగా నున్న రంగారెడ్డి జిల్లాలోనే 1991 నుండి శాంతా సిన్హా మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా, బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని చాటి, వేలాది పిల్లలను పనినుండి తప్పించి బడికి చేర్చినది. వెంకటరంగయ్యగారు చరిత్రకారులు, ఆయన మనుమరాలు ఆ చరిత్రజ్ఞానమును కార్యముగా మార్చినది.

నీవును అట్లే చేయుము. 2010 ఏప్రిల్ 1 నుండి విద్య ఈ దేశమున ఆరు నుండి పదునాలుగేండ్ల ప్రతి బిడ్డకును చట్టబద్ధమైన హక్కు. ధ్రువపత్రము లేదని, భాష రాదని, ఊరు వేరని ఏ బిడ్డనైనను గడపవద్ద ఆపు అధికారము ఎవరికిని లేదు. రేపు బడి తెరచినంతనే నీ ఊరిలోని బట్టీలకు, గుడిసెలకు పోయి, బడికి రాని పిల్లల పేర్లను వారి తల్లిదండ్రులు చెప్పినట్లే వ్రాసికొని, వారిని తీసికొనివచ్చి తరగతిలో కూర్చుండబెట్టుము. ఆ తరువాతనే మానవ హక్కుల పాఠము మొదలుపెట్టుము.

ఆశీస్సులతో,
మీ పెదనాయన