కాశీకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కాశీకే ఎందుకు వెళ్తారు?

(పూర్వ విద్యార్థి, 1996 పదో తరగతి బ్యాచ్, ప్రస్తుతం సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు)



పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవంలో నేను మాట్లాడి కూర్చున్నాక తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "సార్, మీరు నాలుగుసార్లు కాశీ వెళ్ళారంట కదా. ఒకసారి చూసినాక మళ్ళీ ఏముంటుంది చూడటానికి?" అని అడిగాడు. నేనేదో చెప్పబోయే లోపే వెనక వరసలోంచి ఇంకొకడు, "మనోళ్ళని గుళ్ళోకి రానిస్తారా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. వార్డెన్ గారు కసిరారు. భోజనాల గంట కొట్టారు. నేను రెండింటికీ సరైన జవాబు చెప్పకుండానే దిగొచ్చాను. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల కోసం రాస్తున్నాను.

ముందు మీ అట్లాస్ తీయండి. గంగానది హిమాలయాల్లో పుట్టి, మైదానంలోకి దిగి, మొత్తం మీద తూర్పుకూ ఆగ్నేయానికీ ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. కానీ కాశీ దగ్గర మాత్రం ఒక వంపు తిరిగి కొంతదూరం ఉత్తరానికి పారుతుంది. ఆ వంపుకు పడమటి ఒడ్డున, ఎత్తైన గట్టు మీద ఊరు ఉంది. తూర్పు ఒడ్డు పల్లం, వానాకాలం మునిగిపోతుంది. కనుక అక్కడ ఇళ్ళు లేవు, ఇసుక తప్ప. ఊరంతా ఒకే ఒడ్డున, ఎదురుగా ఖాళీ, ఆ ఖాళీలోంచి సూర్యోదయం. మన రాజమండ్రిలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఊరు గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుంటే నది మీద సూర్యాస్తమయం కనబడుతుంది. కాశీలో పొద్దున్నే మెట్ల మీద కూర్చున్నవాడి ముఖం మీద నేరుగా వెలుగు పడుతుంది. కాశీ అందానికి సగం కారణం ఈ భూగోళమే అని నా అభిప్రాయం. పుణ్యం సంగతి తర్వాత.

వరుణ, అసి అనే రెండు చిన్న ఏర్ల మధ్య ఉన్నది కాబట్టి వారణాసి అన్నారని చెబుతారు. ఘాట్లు 84 అని లెక్క. ఆ చివరి నుంచి ఈ చివరికి ఆరేడు కిలోమీటర్లు. అంటే డబ్బు లేనివాడు కూడా ఒక పూటలో నడిచి చూడగలడు. ఇది చిన్న విషయం కాదు. టిక్కెట్టు కొనకుండా చూడగలిగిన ఊరికే పేదవాడు రెండోసారి వెళ్తాడు.

ఇంకో సంగతి. కాశీ ఏ రుతువుకు ఆ రుతువులో వేరే ఊరు. ఎండాకాలం నది సన్నబడి మెట్లన్నీ బయటపడతాయి. వానాకాలం నీళ్ళు లేచి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు దారి తెగిపోతుంది, హారతి ఇచ్చే చోటు కూడా పైకి మారుస్తారు. వరద తీసిన తర్వాత మెట్ల మీద మనిషెత్తు ఒండ్రు మిగులుతుంది. దాన్ని ఇంజన్లు పెట్టి నీళ్ళతో కొట్టి మళ్ళీ గంగలోకే తోస్తారు. నేను 2016 దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు నాలుగు రోజులూ ఈ పనే చూస్తూ కూర్చున్నాను. దేవుణ్ణి చూడటానికి వచ్చి బురద చూస్తున్నాడేమిటని పడవవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. చలికాలం పొగమంచు కమ్ముతుంది. ఆ చలిలో మాత్రమే 'మలయ్యో' అని పాల నురుగుతో చేసే మిఠాయి అమ్ముతారు. రాత్రంతా పాలను మంచులో ఉంచి, తెల్లారుజామున చిలికి ఆ నురుగు తీస్తారట. 'ట' అని ఎందుకన్నానంటే, నేను ఇంతవరకు తినలేదు. చలికాలంలో వెళ్ళడం నాకు ఇంకా కుదరలేదు.

ఇలా కాశీ మాయలో పడినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు. జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. 1837లో అశోకుని బ్రాహ్మీ లిపిని చదివినవాడు. ఆయన అంతకు ముందు పదేళ్ళు, 1820 నుంచి 1830 దాకా, కాశీ టంకశాలలో ఉద్యోగి. చేసే పని నాణేల లోహం పరీక్షించడం. సాయంత్రాలు ఊరి పటం గీశాడు, జనాభా లెక్క తీశాడు, ఘాట్ల బొమ్మలు వేశాడు, మురుగునీటి సొరంగం కట్టించాడు. స్విట్జర్లాండ్ కళాకారిణి ఆలిస్ బోనర్ 1936లో అస్సీ ఘాట్‌లో ఇల్లు తీసుకుని నాలుగు దశాబ్దాలు అక్కడే ఉండిపోయింది. కవి గాలిబ్ పింఛను తగాదా కోసం ఢిల్లీ నుంచి కలకత్తా పోతూ దారిలో కాశీలో ఆగాడు. ఆగినవాడు వారాల తరబడి కదలలేదు. ఆ ఊరి మీద పారశీకంలో 'చిరాగ్-ఎ-దైర్' అనే కావ్యం రాశాడు.

మన తెలుగువాళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. అంటే పదిహేను నెలల పైచిలుకు. దారిలో తన స్నేహితుడికి ఉత్తరాలు రాసేవాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. 'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం' అనే సామెత ఎందుకు పుట్టిందో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఆ రోజుల్లో పరివారం, బోయీలు, గుడారాలు లేకుండా అంతదూరం పోవడం సామాన్యుడికి సాధ్యం కాదు. రైలు వచ్చాక గాని మనలాంటివాళ్ళకు కాశీ అందలేదు.

ఇక నా సంగతి. మొదటిసారి 2004 మే నెలలో వెళ్ళాను. భక్తితో కాదు, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎడ్. ప్రవేశపరీక్ష రాయడానికి. విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కి, ఒక రాత్రి, ఒక పగలు దాటాక మొగల్‌సరాయ్‌లో దిగాను (2018లో ఆ స్టేషన్ పేరు దీన్ దయాళ్ ఉపాధ్యాయ అని మార్చారు). తెలుగువాళ్ళ సత్రం ఒకటి ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయాను. బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఆప్యాయంగానే పలకరించాడు. ఊరు అడిగాడు, చదువు అడిగాడు, తర్వాత "మీరేమిట్లు బాబూ?" అన్నాడు. మాలవాళ్ళమండీ అని చెప్పాను. ఆయన రిజిస్టరు మూసి, "గదులు లేవు నాయనా" అన్నాడు. నా వెనక వచ్చిన కుటుంబానికి గది దొరికింది. అస్సీ వైపు నడిచిపోయి వంద రూపాయల గదిలో మూడు రాత్రులు ఉన్నాను. పరీక్షలో సీటు రాలేదు. ఇంకెప్పుడూ ఈ ఊరు రాకూడదనుకున్నాను.

ఆ మూడో రాత్రి నిద్ర పట్టక ఘాట్ల వెంట నడుస్తుంటే చితి మంటలు కనిపించాయి. ఇదేం ఘాట్ అని అడిగితే హరిశ్చంద్ర ఘాట్ అన్నారు. ఒళ్ళు జలదరించింది.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. ఆయన మా ఊళ్ళో గోతులు తవ్వినవాడు, డప్పు కొట్టినవాడు. చదువు లేదు. కానీ తిరునాళ్ళలో తెల్లవార్లూ 'సత్య హరిశ్చంద్ర' నాటకం చూసి కాటి సీను పద్యాలన్నీ నోటికి పట్టాడు. గొయ్యి తవ్వుతూ పాడేవాడు. ఆ పద్యాలు నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివే అనుకునేవాళ్ళం. అందులో చాలా పేరుపొందినవి గుర్రం జాషువా 'శ్మశానవాటి'లోవనీ, నటులు వాటిని తెచ్చి నాటకంలో కలిపారనీ ఈ హాస్టల్లో ఉండగా మా తెలుగు మాస్టారు చెప్పారు. జాషువా మనవాడని ఆయన చెప్పిన రోజు స్టడీ అవర్‌లో ఎవరం చదవలేదు, ఆ మాటే చెప్పుకున్నాం. ఆ కవే 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలో అడ్డూ ఆపూ లేకుండా తిరిగే గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. సత్రంలో గది దొరకని నాకు ఆ రాత్రి ఆ కావ్యం కొత్తగా అర్థమైంది.

2009లో నాన్నను తీసుకుని వెళ్ళాను. అది రెండో ప్రయాణం. విశ్వనాథుడి దర్శనం అయింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మాత్రం, "ఆ కాడు ఎక్కడరా?" అన్నాడు. హరిశ్చంద్ర ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టాను. అక్కడ పనిచేసేవాళ్ళు డోములు. మణికర్ణికలోనూ వాళ్ళే. ఎంతటివాడి చితికైనా డోముల దగ్గరున్న నిప్పే తీసుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. రాజుకైనా తప్పదు. హరిశ్చంద్రుడు కాపరిగా చేరిన వీరబాహుడి కథ అందులోంచే వచ్చింది. మోక్షానికి నిప్పు ఇచ్చేవాణ్ణే మళ్ళీ ముట్టుకోకూడదన్నారు. ఈ తిరకాసును అక్కడి మెట్ల మీద కూర్చుంటే ఏ పుస్తకమూ లేకుండా అర్థం చేసుకోవచ్చు. నాన్న ఒక ముసలి డోము పక్కన బీడీ కాలుస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. ఈయనకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. కట్టెలు ఎలా పేర్చాలో చేతులతో మాట్లాడుకున్నారు. మధ్యలో నాన్న ఒక పద్యం ఎత్తుకున్నాడు. అతను పని ఆపి విన్నాడు. తిరుగు ప్రయాణంలో నాన్న గుడి గురించి ఒక్క మాట అనలేదు. "ఆ ముసలాయన పొయ్యి బాగా పేర్చాడురా" అన్నాడు.

ఇప్పుడు రెండో అబ్బాయి ప్రశ్నకు వస్తాను. రానిస్తారు. ఊరికే రానివ్వలేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించిన తర్వాత కూడా, 1950లలో దళితులు విశ్వనాథాలయంలో ప్రవేశించడం మీద పెద్ద గొడవ జరిగింది. దాన్ని ఒప్పుకోని కర్పాత్రి స్వామి వర్గం మీర్ ఘాట్ దగ్గర వేరే విశ్వనాథాలయం కట్టుకుంది. 2021 డిసెంబర్‌లో గుడి నుంచి గంగ దాకా పెద్ద నడవా తెరిచారు. పాత సందులు చాలా పోయాయి. నాకు ఆ సందులంటేనే ఇష్టం గాని, నడవలేని ముసలివాళ్ళకు ఇప్పుడు సుఖంగా ఉందని 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకు మా అత్తమ్మను తీసుకెళ్ళినప్పుడు ఒప్పుకోక తప్పలేదు.

అయితే గుడి ఒక్కటే కాశీ కాదు. కబీరు ఆ ఊరి నేతపని ఇంటివాడు. కాశీలో చస్తే మోక్షం, మగహర్‌లో చస్తే గాడిద జన్మ అని జనం నమ్ముతుంటే, పనిగట్టుకుని మగహర్ వెళ్ళి చనిపోయాడని చెబుతారు. ఊరిని ప్రేమించడం వేరు, ఊరి మూఢనమ్మకాన్ని మోయడం వేరు. రవిదాసు అదే ఊళ్ళో చెప్పులు కుట్టినవాడు. ఆయన పదాలు సుమారు 40 సిక్కుల గురుగ్రంథ సాహెబ్‌లో ఉన్నాయి. దుఃఖమూ పన్నులూ హెచ్చుతగ్గులూ లేని 'బేగంపురా' అనే నగరాన్ని ఆయన ఊహించాడు. విశ్వవిద్యాలయానికి దగ్గరలో సీర్ గోవర్ధన్‌పూర్‌లో ఆయన జన్మస్థాన మందిరం ఉంది. 1965లో శంకుస్థాపన జరిగింది. ఏటా మాఘ పౌర్ణమికి పంజాబ్ నుంచి లక్షల మంది వస్తారు. ఎక్కువమంది మన మాదిగలు చేసిన పనే చేసిన కులంవాళ్ళు. జలంధర్ నుంచి ప్రత్యేక రైలు వేస్తారు. దాని పేరు కూడా బేగంపురా. 2022లో ఆ పండుగ ఫిబ్రవరి 16న వచ్చింది. పంజాబ్ అసెంబ్లీ ఎన్నికలు 14న పెట్టారు. ఓటర్లు కాశీలో ఉంటారు కనుక తేదీ మార్చమని అన్ని పార్టీలూ అడిగితే ఎన్నికల సంఘం 20వ తేదీకి మార్చింది. తమ్ముళ్ళూ, ఒక ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం అంటే అది. ఒక రాష్ట్రం ఎన్నికలే జరిగాయి.

సారనాథ్ పది కిలోమీటర్ల దూరం. బుద్ధుడు అయిదుగురికి తొలి బోధ చేసిన చోటు. మీ జేబులో రూపాయి మీద ఉన్న సింహాల బొమ్మకు మూలం 1904-05 తవ్వకాల్లో అక్కడ దొరికింది. మ్యూజియంలో దాని ఎదుట నిలబడి చూడాలి, ఫోటోలో ఆ నునుపు తెలియదు. 1956 నవంబర్‌లో ఖాట్మండు బౌద్ధ మహాసభ నుంచి తిరిగి వస్తూ బాబాసాహెబ్ కాశీలో విద్యార్థులతో మాట్లాడి సారనాథ్ దర్శించారు. డిసెంబర్ 6న కన్నుమూశారు.

మొదటి అబ్బాయికి నా జవాబు ఇదీ. నేను వెళ్ళిన నాలుగుసార్లూ నాలుగు ఊళ్ళకు వెళ్ళాను. పరీక్ష ఊరు, నాన్న ఊరు, బురద ఊరు, పుష్కరాల ఊరు. చలికాలం ఊరూ, రవిదాసు పండుగ ఊరూ ఇంకా చూడలేదు. ఈసారి మాఘ పౌర్ణమికి మా బ్యాచ్ వాళ్ళం ఆరుగురం సెలవు పెట్టి వెళ్దామనుకుంటున్నాం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, మొదటి రోజే చేయించుకోవాలి. కాలేజీ చదువుతున్న తమ్ముళ్ళు ఇద్దరికి చోటుంది. స్వెట్టర్, దుప్పటి మీవే తెచ్చుకోండి, అక్కడ చలి మన చలి లాంటిది కాదు. మలయ్యో ఖర్చు నాది.