కాఫీ కాయతొలుచు పురుగుపై పరాన్నజీవి కందిరీగలు: విడుదల సమయ ప్రాధాన్యం

బెరడు తొలిచే పెంకు పురుగుల ఉపకుటుంబమైన స్కోలిటినేకు చెందిన హైపోథెనెమస్ హాంపీ కాఫీ గింజను ఆశ్రయించి జీవిస్తుంది. ఆఫ్రికాకు చెందిన ఈ పురుగును మన దేశంలో 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో తొలిసారిగా గుర్తించారు. 2025లో అరకు ప్రాంతంలోనూ ఇది కనిపించడంతో, అక్కడి గిరిజన రైతుల నీడ తోటలకు జీవ నియంత్రణ పద్ధతుల ఆవశ్యకత ఏర్పడింది.

పురుగు స్వభావం

తల్లి పురుగు కాయ బొడ్డు వద్ద రంధ్రం చేసి గింజలో గుడ్లు పెడుతుంది. మగ పురుగులు ఎగరలేవు; సంపర్కం కాయలోనే జరుగుతుంది. కాబట్టి బయటికి వచ్చే ఆడ పురుగు మరొక కాయలో గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. లోపలి దశలకు పిచికారీ మందు సోకదు.

రెండు కందిరీగలు

సెఫలోనోమియా స్టెఫనోడెరిస్ పురుగు చేసిన రంధ్రం గుండానే కాయలోకి ప్రవేశిస్తుంది. గుడ్లను, చిన్న పిల్ల పురుగులను తింటుంది. ఎదిగిన పిల్ల పురుగులపై, కోశస్థ దశలపై గుడ్లు పెడుతుంది. అయితే అప్పటికే గింజ దెబ్బతిని ఉంటుంది. దీని ప్రయోజనం తరువాతి తరం పురుగును తగ్గించడమే.

ఫైమాస్టికస్ కాఫియా కాయను తొలుస్తున్న తల్లి పురుగు శరీరంలోనే గుడ్లు పెడుతుంది. గింజ ఇంకా గట్టిపడని కాయలో తల్లి పురుగు రంధ్రంలోనే వేచి ఉంటుంది. ఆ వ్యవధిలో విడుదల చేస్తే గింజను కాపాడవచ్చు. ఈ కందిరీగ కొద్ది రోజులే జీవిస్తుంది. అందువలన ముందుగా గానీ ఆలస్యంగా గానీ విడుదల చేస్తే ఫలితం దక్కదు.

క్షేత్రస్థాయి సూచనలు

విడుదలకు ముందు రంధ్రమున్న కాయలను కోసి పురుగు స్థానాన్ని పరిశీలించాలి. అధిక భాగం పురుగులు గింజను చేరి ఉంటే ఫైమాస్టికస్ వలన ఆ పంటకు ప్రయోజనం స్వల్పం. విడుదల కాలంలో కీటకనాశనులు వాడరాదు. బవేరియా బాసియానా శిలీంధ్రం కూడా కందిరీగలకు సోకగలదు కనుక రెండింటి మధ్య వ్యవధి పాటించాలి.

కోత అనంతరం చెట్టుపైనా నేలపైనా మిగిలిన కాయలే మరుసటి ఏటి ఉధృతికి మూలం. వాటిని ఏరి, పురుగు సోకిన కాయలను మరుగుతున్న నీటిలో ముంచాలి. దీనివలన కాయలలోని కందిరీగలు కూడా నశిస్తాయి. అయినా ఏరివేతను మానరాదు. కందిరీగలను తిరిగి విడుదల చేయవచ్చు, కాని వదిలిన కాయల నుండి వెలువడే పురుగును వెనుకకు తేలేము.

కావున కందిరీగలు ఏరివేతకు ప్రత్యామ్నాయం కావు. దానికి తోడు మాత్రమే. ఎన్ని విడుదల చేశామన్న దానితో పాటు, పురుగు ఏ దశలో ఉండగా విడుదల చేశామన్నదీ విస్తరణ సిబ్బంది నమోదు చేయాలి.