రైతు పక్షము వహించిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

విద్యార్థులారా, మన సిద్దిపేట ప్రాంతమున మీలో పెక్కురు రైతుబిడ్డలు. పంట పోయినను శిస్తు తప్పదన్న మాట పెద్దలు చెప్పగా వినియే యుందురు. శిస్తు కొఱకు రైతును హింసించుటయు నొకప్పుడు కలదు. ఇంగ్లీషు కంపెనీవారి చెన్నపట్టణపు పాలనలో జరిగిన యట్టి హింసను లోకమునకుఁ దెలిపిన తెలుగువాని చరిత్రమును ఇచ్చట వివరించుచున్నాము.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తాము సేద్యము చేసినవారు కారు; వర్తకమున ధన మార్జించినవారు. 1844లో 'క్రెసెంటు' అను ఇంగ్లీషు పత్రికను స్థాపించిరి. 1852లో మద్రాసు నేటివు అసోసియేషనును నెలకొల్పి, ఆ యేటనే ప్రజల కష్టములను గూర్చి ఇంగ్లండు పార్లమెంటునకు విజ్ఞాపనము పంపించిరి.

1853లో ఆ పార్లమెంటు సభ్యుఁడగు డాన్బీ సీమూరు దొర చెన్నపట్టణమునకు వచ్చెను. శెట్టిగారు ఆయనను జిల్లాలకుఁ దోడ్కొనిపోయి, రైతుల బాధలను స్వయముగాఁ దెలిసికొనునట్లు చేసిరి. 1854లో విచారణసంఘ మేర్పడెను. 1855లో నివేదిక వెలువడెను. వ్రేళ్లను కఱ్ఱల నడుమ నొక్కు 'కిట్టి', ఎండలో నిలువఁబెట్టుట, వంగఁబెట్టి త్రాటితోఁ గట్టుట మున్నగునవి నిజమేయని తేలెను. ఒక్క సంగతి గమనింపుఁడు: ఈ పనులను చేతులారఁ జేసినవారు చాలవఱకు మనదేశపు చిన్న యుద్యోగులే.

1863లో శెట్టిగారు మద్రాసు శాసననిర్మాణసభలో సభ్యులుగా నియమింపఁబడిరి. ఆనాఁడు ఎన్నికలు లేవు. 1868లో మరణించునాఁటికి వారి సంపద కరగిపోయి, బీదస్థితిలో నుండిరి.

ఇంకొక సంగతి దాఁచరాదు. శెట్టిగారు మిషనరీల ప్రయత్నములను తీవ్రముగా ఎదిరించిరి. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా నుంచవలదని వాదించిరి. అట్టివారిని మిషను పాఠశాల కొనియాడుట యెట్లని మీరడుగవచ్చును. అడుగుట మంచిదే. సకల మతములవారు చెల్లించు పన్నులతో ఒక మతమును బోధింపరాదనుట అన్యాయమైన వాదము కాదు. మఱియు, దెబ్బలు తిని పడియున్నవాని ప్రక్కను ఎవఁడు నిలిచెనో వాఁడే పొరుగువాఁడని మన ప్రభువు నేర్పలేదా? ఆ లెక్కను శెట్టిగారు మనకు పొరుగువారే.

మీలో కొందఱు రేపు కచేరీలలో ఉద్యోగులగుదురు. కాగితము చేతఁబట్టుకొని మీ బల్ల యెదుట నిలిచిన రైతు మీ తండ్రివంటివాఁడని మఱవకుఁడు.